మణికట్టంత చెట్టుకు 70 ఏళ్ళా? సిల్వర్ ఫర్ ఎదిగే తీరు

ప్రశ్న: మేం జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ అంచున ఉంటాం. మా ఇంటి ఓనరుకు 70 దాటాయి. ఆయనకు సొంతంగా రెండు హెక్టార్ల అడవి ఉంది. మొన్న అందులో తిప్పుతూ, నా మణికట్టంత మందం, నా కంటే జానెడు ఎత్తు ఉన్న ఒక సిల్వర్ ఫర్ చెట్టును చూపించి "దీనిదీ నాదీ ఒకటే ఈడు" అన్నాడు. నవ్వులాటకి అన్నాడా? స్ప్రూస్ చెట్లు ఎండిపోతున్నాయని వాటి చోట ఈ ఫర్‌నే పెంచుతున్నాడట. ఇంత నెమ్మదిగా పెరిగేదాన్ని నాటి ఏం లాభం? ఇప్పటి ఎండలకు ఇదైనా నిలుస్తుందా?

సమాధానం:

నవ్వులాటకి అనలేదు. నాలుగైదేళ్ళు తగ్గించి చెప్పి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

నేను అటవీ శాస్త్రం చదివింది ఫ్రైబుర్గ్‌లో. ఆ తర్వాత 20 ఏళ్ళకు పైగా దక్షిణ జర్మనీ అడవుల్లోనే ఉద్యోగం. మొదటి ఏడాదే నాకూ ఈ పాఠం అయింది. దుంగలు లాగే దారికి అడ్డమొచ్చిందని కొట్టేసిన ఒక చిన్న ఫర్ మొదలును మా ఫారెస్టర్ నా చేతిలో పెట్టి, వలయాలు లెక్కపెట్టమన్నాడు, ఏడాదికొకటి చొప్పున. కోసిన చోట అడ్డంగా నాలుగున్నర సెంటీమీటర్లు ఉంది. ఓ 15 ఉంటాయిలే అనుకున్నాను. మామూలు కంటికి అసలు వలయాలే కనిపించలేదు. బ్లేడుతో నున్నగా చెక్కి, సుద్దపొడి రుద్ది, భూతద్దం కింద పెడితే అప్పుడు తేలాయి. రెండుసార్లు లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టాను. మూడోసారి 90 దాకా వచ్చింది. ఒక్కో వలయం పావు మిల్లీమీటరు, అంటే గోరు మందం కూడా లేదు.

అందుకే ఫర్ విషయంలో వయసుకూ మందానికీ లంకె పెట్టకూడదు. లావు చూసి మనం తెలుసుకోగలిగేది ఒక్కటే, దానికి వెలుతురు ఎప్పుడు దొరికిందన్నది. మన టేకు వెలుతురు కోసం ప్రాణం పెట్టే చెట్టు, నీడలో పడితే చిక్కి పోతుంది. ఫర్ అలా కాదు. ఆరుబయట పడే వెలుతురులో 20వ వంతు అందినా చావకుండా కూర్చుంటుంది. ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతూ, పైనున్న పెద్ద చెట్టు ఎప్పుడు పడుతుందా అని గోతికాడ నక్కలా కాచుకుని ఉంటుంది. అలా 100 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. యూరప్ చెట్లలో ఈ ఓర్పులో దానికి పోటీ వచ్చేవి బీచ్, యూ లాంటివి ఒకటి రెండే.

చీకట్లో ఎలా బతుకుతుందంటే, జీతం తగ్గిన ఇంట్లో ఖర్చులు తగ్గించుకున్నట్టు. మీ ఓనరు చూపించిన చెట్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆకారం గమనించండి. కొస మొండిగా, బల్లపరుపుగా ఉంటుంది. నిటారుగా లేచే నడి కొమ్మ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. పక్కకొమ్మలు మాత్రం చాపలా పరుచుకుంటాయి, మొత్తం కలిపి గొడుగు పట్టినట్టు. ఎత్తు పెరిగితే మోయాల్సిన మాను పెరుగుతుంది, దానికి తిండి పెట్టాలి. అందుకని ఉన్న ఆదాయమంతా ఆకు పరచడానికే పెడుతుంది. ఆ ఆకులు కూడా ఒకదాని మీద ఒకటి నీడ వేసుకోకుండా రెమ్మకు రెండు పక్కలా దువ్వెన పళ్ళలా సర్దుకుంటాయి. ఒకసారి తయారుచేసుకున్న ఆకును 8 నుంచి 12 ఏళ్ళ దాకా వదలదు.

ఇక పైన చెట్టు పడి వెలుతురు వచ్చిందనుకోండి. వెంటనే లేచి పరుగెత్తదు. నీడలో తయారైన ఆకులు పల్చగా ఉంటాయి, నడి ఎండ ఒక్కసారిగా మీద పడితే పసుపెక్కి మాడతాయి. కొత్త వెలుతురుకు తగిన ఆకులు వేసుకోవడానికి దానికి కొన్నేళ్ళు కావాలి. ఆ తర్వాత చూడాలి దాని ఊపు. కొస చిగురు ఒక ఏడాది 10 సెంటీమీటర్లు, ఆ పై ఏడాది 20, కొన్నాళ్ళకు అరమీటరు, మంచి నేలలో అంతకంటే ఎక్కువ. 80 ఏళ్ళు కూర్చున్న చెట్టు నిన్న మొన్న మొలిచినదానిలా ఎదుగుతుంది. చివరికి 40, 50 మీటర్ల ఎత్తు మామూలే. 60 మీటర్లు దాటినవీ ఉన్నాయి. యూరప్ సొంత చెట్లలో ఇంత ఎత్తుకు పోయేవి చాలా తక్కువ. ఆయుష్షు 500 ఏళ్ళ దాకా ఉంటుంది.

ఇంకో వింత కూడా చెబుతాను. కొట్టేసిన ఫర్ మొద్దు ఒక్కోసారి చావదు. ఆకు ఒక్కటీ లేకపోయినా కోత అంచు మీద కొత్త బెరడు కమ్ముకుంటూ వస్తుంది, కొన్నేళ్ళకు మొద్దు నెత్తిన టోపీ పెట్టినట్టు మూసుకుపోతుంది. కింద దాని వేళ్ళు పక్క ఫర్ వేళ్ళతో అతుక్కుపోయి ఉండటమే కారణం. పక్కింటి వంటతో ఈ మొద్దు బతికేస్తుంది.

చాలామందికి ఫర్‌కీ స్ప్రూస్‌కీ తేడా తెలియదు, మనవాళ్ళు రెండిటినీ క్రిస్మస్ చెట్టు అనేస్తారు. జర్మన్లు పిల్లలకు చెప్పే గుర్తు సులువు, "స్ప్రూస్ గుచ్చుతుంది, ఫర్ గుచ్చదు." ఫర్ ఆకు చదునుగా, మెత్తగా, కొసన చిన్న నొక్కుతో ఉంటుంది. తిరగేస్తే రెండు తెల్లటి గీతలు కనిపిస్తాయి, అవి ఆకు గాలి పీల్చే రంధ్రాల వరసలు. ఆకు రాలిన చోట గుండ్రటి నున్నని మచ్చ మిగులుతుంది. స్ప్రూస్ రెమ్మ అయితే ఆకు రాలాక గరుకుగా, ఆకురాయిలా తగులుతుంది. లేత ఫర్ బెరడు వెండిబూడిద రంగులో నున్నగా ఉంటుంది, అక్కడక్కడా బంక నిండిన పొక్కులు. గోటితో చిదిమితే నారింజ తొక్క వాసన లాంటిది వస్తుంది.

కాయల దగ్గర ఇంకా తమాషా. ఫర్ కాయలు చెట్టు కొసన, కొమ్మ మీద కొవ్వొత్తుల్లా నిలబడి ఉంటాయి, స్ప్రూస్ కాయల్లా కిందికి వేలాడవు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పండాక చెట్టు మీదే పొలుసు పొలుసుగా రాలిపోతాయి, నడి పుల్ల ఒక్కటే కొమ్మ మీద మిగులుతుంది. అంటే నేల మీద నిండు ఫర్ కాయ దొరకడం బహు అరుదు. ఎవరైనా అడవిలో ఫర్ కాయ ఏరుకొచ్చామంటే అది స్ప్రూస్‌దే అయి ఉంటుంది. జర్మన్లు కూడా స్ప్రూస్ కాయను నిక్షేపంగా ఫర్ కాయ అనే పిలుస్తారు, మనం నవ్వుకుని ఊరుకోవాలి.

అడవిలో ఫర్ కాపుకు రావడానికి 60 ఏళ్ళు పట్టొచ్చు. ఒంటరిగా ఆరుబయట ఉంటే ఇంకా ముందే. ప్రతి ఏడూ కాయదు. రెండు నుంచి ఐదేళ్ళకోసారి మంచి కాపు. గింజ బరువైనది, రెక్క ఉన్నా తల్లి చెట్టుకు మరీ దూరం పోదు. నేలలో ఏళ్ళ తరబడి నిల్వ ఉండే గింజ కూడా కాదు, వచ్చే వసంతంలో మొలవాలి లేదా పోవాలి. మొదటి ఏడాది మొలకను చూస్తే నక్షత్రంలా ఐదారు పొడవాటి విత్తనాకులు, వాటి మధ్య పొట్టి ఆకులు కొన్ని. అంతే, వేలెడు కూడా ఉండదు. మొదటి పక్కరెమ్మ కోసం మూడు నాలుగేళ్ళు ఆగాలి. కానీ ఆ వేలెడు మొలక ఈలోపు కింద తల్లివేరు దించుకుంటూ ఉంటుంది. కంటికి కనపడే ఎదుగుదల తక్కువ కాబట్టి ఏమీ జరగడం లేదనుకుంటాం.

ఆ వేరే తర్వాత దాని బలం. స్ప్రూస్ వేళ్ళు పళ్ళెంలా పైపైనే పరుచుకుంటాయి. ఫర్ వేళ్ళు లోతుకు పోతాయి, నీళ్ళు నిలిచే బంకమట్టిలోకి కూడా. 1999 డిసెంబరు 26న లోథార్ తుఫాను బ్లాక్ ఫారెస్ట్‌ను ఊడ్చేసినప్పుడు స్ప్రూస్ తోటలు చాపలు చుట్టినట్టు పడిపోయాయి. ఫర్‌కూ దెబ్బ తగిలింది, కాకపోతే అంతగా కాదు. కరువు ఏడాదిలో లోపలి తేమ అందుకునేదీ ఆ వేరే.

ఈ చెట్టు సొంత ఊర్లు పిరనీస్ కొండల నుంచి వోజ్, జూరా, ఆల్ప్స్, బ్లాక్ ఫారెస్ట్, కార్పేథియన్ల మీదుగా బాల్కన్ దాకా, దక్షిణాన ఇటలీ కాలు బొటనవేలైన కలబ్రియా దాకా ఉన్నాయి. మంచుయుగంలో ఇటలీ, బాల్కన్ కొండల్లో తలదాచుకుని, చలి తగ్గాక ఉత్తరానికి నడిచొచ్చింది. పడమటి, తూర్పు శాఖలు రెండూ జన్యువుల్లో ఇప్పటికీ వేరుగా కనిపిస్తాయి. ఎక్కువగా బీచ్, స్ప్రూస్‌లతో కలిసి కొండ అడవుల్లో ఉంటుంది. సున్నపు నేలా, ఆమ్ల నేలా అన్న పట్టింపు పెద్దగా లేదు. పట్టింపల్లా గాలిలో తేమ, వేసవిలో వాన, చిగురు వేళ మంచు కొట్టకపోవడం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఇంత నెమ్మది చెట్టును పెంచి ఏం లాభం అన్నది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. ఖాళీ నేలలో వరసల్లో నాటి, ఒకే ఈడు తోటగా పెంచి, అంతా ఒకేసారి నరికే పద్ధతిలో చూస్తే ఫర్ దండగే. కానీ దాని స్వభావానికి తగిన పద్ధతి వేరే ఉంది. జర్మన్‌లో ప్లెంటర్‌వాల్డ్ అంటారు. మొలక నుంచి ముదురు మాను దాకా అన్ని ఈడుల చెట్లూ ఒకే చోట ఉంటాయి. కొన్నేళ్ళకోసారి వచ్చి ఇక్కడొకటి అక్కడొకటి ముదురు చెట్టు తీస్తారు. తీసిన చోట వెలుతురు పడుతుంది, కింద 50 ఏళ్ళుగా కాచుకున్నది లేస్తుంది. అడవి ఎప్పుడూ బోసిపోదు, కలపా ఆగదు. మన ఉమ్మడి కుటుంబాల్లో తాత నుంచి ఊయల్లో పిల్లాడి దాకా ఒకే కప్పు కింద ఉన్నట్టు.

ఈ పద్ధతిలో మీ ఓనరు చూపించిన చెట్టు 70 ఏళ్ళుగా ఖర్చు లేకుండా వెయిటింగ్ లిస్టులో ఉన్న చెట్టు. దానికోసం ఎవరూ నేల కేటాయించలేదు. పైన ఇంకో చెట్టు కలప ఇస్తుంటే కింద ఇది కూర్చుంది. పైగా నీడలో వేసుకున్న ఆ సన్న వలయాల వల్ల నడి భాగం బిగుతుగా, చిన్న చిన్న ముడులతో ఉంటుంది.

స్విట్జర్లాండ్‌లో నషాటెల్ ప్రాంతపు కూవే ఊళ్ళో అన్రీ బియొలే అనే ఫారెస్టర్ 1890 నుంచి ఇదే పని లెక్కల్లో పెట్టి చూపించాడు. ఫ్రాన్సులో అడాల్ఫ్ గుర్నో ఆలోచించిన పద్ధతి అది. కొన్నేళ్ళకోసారి అడవిలో ప్రతి చెట్టు మందం కొలవడం, పెరిగినంతే తీయడం. ముందే ప్లాన్ రాసుకుని అడవిని దానికి వంచే బదులు, అడవి ఏం చెబుతుందో కొలిచి చూసి దాన్ని బట్టి కోయడం. ఆ ఊరి అడవికి ఇప్పటికీ ఫారెస్టర్లు యాత్రకు పోయినట్టు పోతారు, నేనూ పోయాను. స్లొవేనియాలో కొచెవ్యే వైపు ఫర్, బీచ్ అడవులు కూడా అంతే చూడదగ్గవి. 1892లో లియోపోల్డ్ హుఫ్నాగెల్ అక్కడి అడవులకు ప్లాన్ వేస్తూ కొన్ని ముక్కలను గొడ్డలి తగలకుండా వదిలేశాడు. ఆ ముక్కలు ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి.

మన దేశపు అటవీ శాఖకు కూడా ఈ ఫర్ అడవులతో చుట్టరికం ఉంది. 1867 నుంచి దాదాపు 20 ఏళ్ళు, భారత అటవీ శాఖలో చేరబోయే ఆఫీసర్లను ఫ్రాన్సులోని నాన్సీ అటవీ పాఠశాలలో తయారుచేశారు. నాన్సీ పక్కనే వోజ్ కొండలు, వాటి నిండా ఈ చెట్టే. మన అడవుల్లో ఏది ఎప్పుడు కోయాలో రాసే వర్కింగ్ ప్లాన్లలో కనిపించే సెలెక్షన్ పద్ధతి, అంటే ఏరి కోయడం, ఈ యూరప్ బడుల నుంచి వచ్చిందే.

మరి ఇంత మంచి చెట్టు జర్మనీ అడవుల్లో రెండు శాతానికి ఎందుకు పడిపోయింది? ఒకప్పుడు బ్లాక్ ఫారెస్ట్ మహావృక్షాలను తెప్పలు కట్టి కిన్జిగ్, ముర్గ్, నెకార్ నదుల్లో తేల్చి, రైన్ మీదుగా హాలండ్‌కు పంపేవాళ్ళు. గోదావరి మీద కలప తెప్పలు రాజమండ్రి చేరినట్టే. ఓడలకు, ఆమ్‌స్టర్‌డామ్ ఇళ్ళ కింద పునాది గుంజలకు అక్కడ గిరాకీ. ఆ పొడవాటి మానులకు హాలండ్ ఫర్ అనే పేరే పడింది. బోసిపోయిన కొండల మీద 19వ శతాబ్దంలో మళ్ళీ అడవి పెంచాల్సి వచ్చినప్పుడు చౌకగా, తొందరగా, ఆరుబయట పెరిగే స్ప్రూస్‌ను వేశారు. వాళ్ళను తప్పుపట్టలేం, కలప కరువు తీరాలి. కానీ అంతా ఒకేసారి నరికి మళ్ళీ నాటే ఆ లెక్కలో ఫర్‌కు చోటు లేదు. పైన గొడుగు పట్టే పెద్ద చెట్టు లేకపోతే మే నెల మంచుకు చిగురు నల్లబడుతుంది, గడ్డి కమ్మేస్తుంది. ఇది చాలదన్నట్టు కాకసస్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక రకం పేనుబంక వెలుతురులో ఉన్న లేత ఫర్‌ల మీదే ఎక్కువగా పడుతుంది.

ఇక జింకలు. నన్నడిగితే ఫర్‌కు మొదటి శత్రువు ఎండ కాదు, జింకే. రో అనే చిన్న జింక, ఎర్రజింక, ఆల్ప్స్ వైపు కొండమేక లాంటి షమ్వా, మూడింటికీ ఫర్ కొస అంటే ప్రాణం. చలికాలంలో పచ్చగా, మెత్తగా, గుచ్చుకోకుండా దొరికే ఆకు అదే. పక్కనే ఉన్న స్ప్రూస్‌ను ముట్టకుండా ఫర్‌ను ఏరుకుని తింటాయి. జింకకు పైదవడలో ముందు పళ్ళుండవు కాబట్టి కొస పీకినట్టు పీచుపీచుగా తెగుతుంది. కత్తితో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటే అది కుందేలు పని. కొస పోయిన చెట్టు పక్కకొమ్మను పైకి లేపి మళ్ళీ ప్రయత్నిస్తుంది, కానీ నీడలో ఉన్నదానికి ఆ కొత్త కొస వేసుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోపు జింక మళ్ళీ వస్తుంది. స్ప్రూస్ అయితే కొన్నేళ్ళలో జింక మూతి ఎత్తు దాటేస్తుంది. ఫర్ 20, 30 ఏళ్ళు ఆ ఎత్తులోనే దొరుకుతూ ఉంటుంది. దాని ఓర్పే ఇక్కడ దాని కొంప ముంచుతోంది.

ఒక అడవిలో 20 మీటర్ల చదరం కంచె వేసి వదిలేశాం. ఆరేళ్ళకు వెళ్ళి చూస్తే కంచె లోపల మోకాలెత్తు ఫర్ పిల్లలు దుబ్బుగా ఉన్నాయి. బయట అదే నేల, అదే తల్లి చెట్లు, అదే వాన. వెతికి వెతికి నాలుగు దొరికాయి, నాలుగూ బోన్సాయ్ కుండీలో మొక్కల్లా గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. అక్కడికి తీసుకెళ్ళిన వేటగాడు చాలాసేపు మాట్లాడలేదు.

జింకల సంగతి అలా ఉంచితే, 1970ల్లో ఇంకో దెబ్బ తగిలింది. ముదురు ఫర్‌ల తలలు పల్చబడి, లోపల్నుంచి ఆకు రాలిపోయి, కొస మాత్రం కొంగ గూడులా మిగిలేది. గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. జర్మన్లు టానెన్‌స్టెర్బెన్ అన్నారు, ఫర్ చావు అని. బొగ్గు పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ ఈ చెట్టుకు బొత్తిగా పడదు. దానికి 1976 లాంటి కరువు తోడైంది. పశ్చిమ జర్మనీ 1983లో పెద్ద విద్యుత్ కేంద్రాల పొగలో సల్ఫర్ తగ్గించాలని నిబంధన తెచ్చింది, 1990 తర్వాత తూర్పు వైపు పాత ప్లాంట్లూ మూతపడ్డాయి.

ఆ తర్వాత ఏమైందో నేను చేత్తో పట్టుకుని చూశాను. చెట్టును నరకకుండా వలయాలు చూడటానికి బోలుగా ఉండే ఒక డ్రిల్లు ఉంటుంది, మానులోకి తిప్పి లాగితే పెన్ను రీఫిల్ లాంటి చెక్క పుల్ల వస్తుంది. ఒక పాత ఫర్ నుంచి తీసిన పుల్లలో, 70ల నుంచి 80ల మధ్య దాకా వలయాలు ఒకదానికొకటి అంటుకుపోయి ముదురు రంగు గీతలా ఉన్నాయి. రెండు మూడేళ్ళు అసలు వలయమే వేయలేదేమో అనిపించింది. ఆ గీత దాటాక ఒక్కసారిగా వెడల్పు, ఏడాదికి మూడు మిల్లీమీటర్లు. వంద దాటిన ముసలి చెట్టు అది. పొగ తగ్గేసరికి పడుచుదానిలా పెరగడం మొదలుపెట్టింది. ఇది ఒక్క చెట్టు కథ కాదు, యూరప్‌లో చాలాచోట్ల ఫర్ వలయాలు ఇదే చెబుతున్నాయి. నీడ కింద నుంచైనా, పొగ కింద నుంచైనా అణిగి ఉన్నది తేరుకోవడం ఈ చెట్టుకు అలవాటే.

ఎండల సంగతికి వద్దాం. చలి కొండల చెట్టు కదా, వేడికి చస్తుందని చాన్నాళ్ళు అనుకున్నారు. సరస్సుల అడుగు బురదలో చిక్కుకున్న పాత పుప్పొడి వేరే మాట చెప్పింది. ఇటలీలో టస్కనీ తీరానికి దగ్గరగా, దాదాపు సముద్రమట్టంలోనే మాసాచుక్కొలి అనే సరస్సు ఉంది. సుమారు 6000 ఏళ్ళ కిందట దాని చుట్టూ మధ్యధరా ఓక్‌లతో కలిసి ఈ ఫర్ పెరిగేది. అక్కడ అది పోవడానికి ముఖ్య కారణం మంటలు. తొలి రైతులు అడవిని తగలబెట్టి పశువులను మేపిన కాలం అది. అంటే ఇవాళ కొండల మీదే కనిపించడం దాని ఇష్టం కొంత, మనుషులు తరిమిన ఫలితం కొంత.

అలాగని దీన్ని సంజీవని అనుకోవద్దు. వేడిని ఓర్చుకుంటుంది గానీ నీళ్ళు లేకపోతే ఓర్చుకోదు. ఫ్రాన్సులో మాన్ వాంటూ కొండ మీద 2003 కరువు తర్వాత ఫర్‌లు బాగా ఎండాయి. 2018 నుంచి 2020 దాకా వరస కరువుల్లో వోజ్ పాదాల దగ్గర, బ్లాక్ ఫారెస్ట్ దక్షిణపు దిగువ వాలుల్లో కూడా చచ్చాయి. ఎండకు నీరసించిన చెట్టు మీద బదనికలాంటి మిసిల్‌టో తిష్ఠ వేస్తుంది, ఫర్ మీద మాత్రమే బతికే రకం దానికి ప్రత్యేకంగా ఉంది. ఆ పైన బెరడు పురుగు. అయితే స్ప్రూస్‌ను కొండలకు కొండలు ఊడ్చేసిన బెరడు పురుగుతో పోలిస్తే ఫర్ మీద పడే పురుగులు అంత ఉధృతంగా పాకవు. నా అంచనా చెబుతాను. 600 మీటర్లకు పైన, లోతైన నేల, ఉత్తరపు వాలు అయితే ఫర్‌ను నమ్మొచ్చు. అంతకు కిందైతే, మట్టి పల్చనైతే, ఓక్‌తో కలిపి వేసుకోవాలి, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎక్కడైనా సరే బీచ్‌తో కలిసి ఉంటేనే దానికి మంచిది. ఒకే ఈడు ఫర్ తోట పెంచితే స్ప్రూస్‌తో చేసిన తప్పే మళ్ళీ చేసినట్టు.

కలప ధర గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక ముక్క. కోత మిల్లులవాళ్ళు ఫర్ అంటే మొహం చిట్లిస్తారు, నడి చెక్కలో నీరు ఎక్కువుంటుంది, ఆరడం ఆలస్యం. కానీ అందులో బంక నాళాలు ఉండవు, కాబట్టి జిగట కారదు, చెక్క తెల్లగా ఉంటుంది. ఆస్ట్రియాలో ఫోరార్ల్‌బెర్గ్ వైపు కొత్త ఇళ్ళకు లోపలా బయటా దీన్నే కోరి వాడుతున్నారు. ఇంకో ఆదాయం తేనె. మామిడి తోటల్లో తేనెమంచు పడితే రైతు తల పట్టుకుంటాడు కదా, ఇక్కడ ఫర్ మీద పేనుబంక వదిలే అలాంటి జిగటనే తేనెటీగలు పోగుచేస్తాయి. అది నల్లగా, పచ్చటి జీరతో, మందు వాసనతో ఉంటుంది. అన్ని ఏళ్ళూ రాదు, వచ్చిన ఏడు మంచి ధర. మీ ఊరి సంతలో టానెన్‌హోనిగ్ అని అడిగి చూడండి.

మీ ఓనరుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. చచ్చిన స్ప్రూస్‌లను పూర్తిగా తీసేసి, నేల ఊడ్చి, ఆ ఖాళీలో ఫర్ నాటొద్దనండి. సగం చచ్చిన స్ప్రూస్ గుంపు కిందే, కొంత నీడ మిగిలి ఉండగానే నాటితే మంచుకు, పేనుబంకకు రక్షణ. దారి పక్కన ఉన్నవైతే మనుషుల మీద పడే ప్రమాదం ఉంది, అవి తీసేయాల్సిందే. నాటేముందు ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని నేల వెతకమనండి. నాచులో, పాత స్ప్రూస్ ఆకుల మీద, ఆ నక్షత్రం మొలకలు ఇప్పటికే ఉండొచ్చు. అవి ఉంటే డబ్బు పెట్టి నారు కొనక్కర్లేదు, జింకలను ఆపితే చాలు.

ఆ చిన్న చెట్టు విషయంలో తొందరపడి పైనున్న చెట్లన్నీ ఒకేసారి తీయించొద్దు. ఇప్పుడొకటి, ఐదారేళ్ళకు ఇంకొకటి. ముందు దాని ఆకు వెలుతురుకు అలవాటు పడాలి. కొస చిగురు ఏటా కొంచెం కొంచెం పెరుగుతోందా అని స్కేలుతో కొలిచి రాసుకోమనండి. పెరుగుతుంటే రెండో చెట్టు తీయొచ్చు.

జింకల విషయంలో ఆయనకున్న హక్కు ఆయన వాడుకోవాలి. జర్మనీలో 75 హెక్టార్ల కంటే తక్కువ ఉన్నవాళ్ళకు సాధారణంగా సొంత వేట హక్కు ఉండదు, ఆ ఊరి భూయజమానులందరూ కలిసిన సంఘంలో సభ్యులవుతారు. ఆ సంఘమే వేటను లీజుకు ఇస్తుంది. మీటింగుకు వెళ్ళేవాళ్ళు తక్కువ, వెళ్ళినా బీరు తాగి వచ్చేస్తారు. ఈసారి ఆయన కొరికిన కొసలు నాలుగు కోసి పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాలి, లీజు రాసేటప్పుడు ఫర్ పిల్లలు కంచె లేకుండా ఎదగాలన్న షరతు పెట్టమనాలి.

ఈ ఏటికి మాత్రం పాత ఉపాయం సరిపోతుంది. అక్టోబరు చివర్లో, మంచు పడకముందే, ఉతకని గొర్రె ఉన్ని గుప్పెడు తీసుకుని ఒక్కో చెట్టు కొసకు చిటికెడు వదులుగా చుట్టాలి. మొగ్గ మూసుకుపోకూడదు, దూది అంటుకున్నట్టు ఉంటే చాలు. ఉన్ని నోట్లో పడటం జింకకు ఇష్టం ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న 70 ఏళ్ళ మనిషికి 200 మొక్కల దగ్గర వంగి లేవడం కష్టం, ఒక శనివారం చూసుకుని మీరు కూడా వెళ్ళండి.